ప్లే నొక్కే ముందు: ఒక సంగీతం టీచర్ గారి క్యాసెట్ల కేసు

పాత క్యాసెట్ దొరగ్గానే అందరూ చేసే పని ఒకటే. చేతికందిన ప్లేయర్‌లో పెట్టి ప్లే నొక్కేస్తారు. నేను చూసినంతలో పాత టేపులకి ఎక్కువ నష్టం జరిగేది సరిగ్గా అక్కడే. ఏళ్ల తరబడి అలమారలో చెక్కుచెదరకుండా ఉన్న టేపు కాస్తా మొదటి నిమిషంలో నలిగిపోతుంది, సాగిపోతుంది, లేదంటే తెగిపోతుంది. దగ్గర్లో అయస్కాంతం ఉంటే రికార్డింగ్ చెరిగిపోతుందేమోనని చాలామంది భయపడతారు కానీ, అలా పోయిన క్యాసెట్ నా దగ్గరికి రావడం చాలా అరుదు. తేమ, షెల్ (క్యాసెట్ ప్లాస్టిక్ గూడు) లోపలి చిన్న చిన్న భాగాలు, మరమ్మతు లేని ప్లేయర్, వినాలన్న ఆత్రం: నాకు వచ్చే కేసుల్లో దాదాపు అన్నిటికీ ఈ నాలుగిట్లో ఏదో ఒకటి కారణంగా కనిపిస్తుంది. ఈ కేసులో నాలుగూ ఉన్నాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

ఏం వచ్చింది, ఎలా వచ్చింది

ఒక గాత్ర సంగీతం టీచర్ గారు 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా తన పాఠాలన్నీ క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్నారు. ఎక్కువ భాగం ఒక మోనో పోర్టబుల్ రికార్డర్ మీద, బ్యాటరీలతో చేసినవి. ఆఖరి కొన్నేళ్లవి మాత్రం ఇంట్లోని స్టీరియో డెక్ (క్యాసెట్లు ప్లే, రికార్డు చేసే పెద్ద మెషిన్) మీద. ప్రతి పాఠం మొదట్లోనూ, మధ్యలో శిష్యులు శ్రుతి తప్పినప్పుడూ ఆమె ట్యూనింగ్ ఫోర్క్ (ఎప్పుడూ ఒకే శ్రుతి పలికే లోహపు పరికరం) మోగించేవారు. ఆ అలవాటు తర్వాత మాకు ఎంత ఉపయోగపడిందో కింద చెబుతాను.

ఇప్పుడు ఆమెకి గొంతు సహకరించడం లేదు. పాఠాలన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి శిష్యులకి ఇవ్వాలని కుటుంబం అనుకుంది. క్యాసెట్లు రెండు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. ఒకటి గదిలో అలమారలో ఉండేది. రెండోది మెట్ల కింద, చెమ్మెక్కే గోడకి ఆనించి ఉండేది. వాళ్లమ్మాయి ఆ రెండిటితో పాటు ఒక పోర్టబుల్ ప్లేయర్ కూడా తెచ్చారు. దాని మూత తెరిచే ఉంది. లోపల క్యాసెట్, బయటికి వేలాడుతూ గోధుమరంగు టేపు ఉంది.

"బాగుందో లేదో ఒక్కసారి విందామని పెట్టానండి. అమ్మ గొంతు రెండు సెకన్లు వినిపించింది, అంతలోనే గరగరమంటూ ఆగిపోయింది" అన్నారామె. లాగే ప్రయత్నం చేయకుండా అలాగే పట్టుకొచ్చినందుకు నేను నిజంగా సంతోషించాను. ఆ ఒక్క నిర్ణయం వల్లే ఆ పాఠం దక్కింది.

ప్లేయర్‌లో ఇరుక్కున్న టేపు

క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. దాన్ని ముందుకు తోసేవి సన్నటి ఉక్కు కడ్డీ (క్యాప్‌స్టన్), దానికి ఆనుకుని తిరిగే రబ్బరు రోలర్. అవతలి చక్రం పని వచ్చిన టేపుని చుట్టుకోవడమే. ఈ ప్లేయర్‌లో రబ్బరు బెల్టు సాగిపోయి అవతలి చక్రం తిరగడం మానేసింది. కడ్డీ, రోలర్ మాత్రం తమ పని తాము చేస్తూనే ఉన్నాయి. పది సెకన్లు అలా నడిస్తే దాదాపు అర మీటరు టేపు బయటపడుతుంది. అది పోయే దారిలేక రోలర్ చుట్టూ పొరలు పొరలుగా చుట్టుకుంటుంది. జనం "టేపు నమిలేసింది" అనేది దీన్నే.

ముందు బ్యాటరీలు తీసేశాం. ప్లేయర్ వెనక మూత విప్పితే కడ్డీకి అమర్చిన బరువైన చక్రం కనిపిస్తుంది. దాన్ని వేలితో మెల్లగా వెనక్కి తిప్పుతూ ఒక్కో పొరా వదిలించాం. టేపుని మాత్రం ఎక్కడా లాగలేదు. క్యాసెట్ టేపు మూలపదార్థం పాలిస్టర్. బలంగా లాగితే వెంటనే తెగకుండా ముందు సాగుతుంది. తెగిన చోటైతే శుభ్రంగా అతికించవచ్చు, పోయేది ఒకట్రెండు అక్షరాలే. సాగిన చోటు మాత్రం మళ్లీ మామూలు కాదు, అక్కడ పాట ఎప్పటికీ వణుకుతూనే ఉంటుంది. కాబట్టి ఎంతకీ రాని ముడి ఉంటే లాగి సాగదీసేకంటే ఒకచోట కత్తిరించడమే మేలు. ఇక్కడ ఆ అవసరం రాలేదు.

బయటికొచ్చిన భాగంలో అడ్డంగా ముడతలు, ఒక అంచున రంపపు పళ్లలా నొక్కులు ఉన్నాయి. ముడతలు పోవడానికి వేడి తగిలించడం వంటివి చేయకూడదు. మెత్తటి నూలు చేతి తొడుగు వేసుకుని, వేళ్ల మధ్య నుంచి జారనిస్తూ, చక్రాన్ని చేత్తో తిప్పి బిగువు సమానంగా ఉండేలా చుట్టి పక్కన పెట్టాం. చుట్టలో బిగువుగా ఉంటే కొంత కాలానికి ముడత చాలావరకు చదునవుతుంది.

ముందు చూపు, తర్వాతే డెక్

మిగతా క్యాసెట్లలో ఏ ఒక్కదాన్నీ డెక్ దగ్గరికి తీసుకెళ్లకుండా ముందు అన్నిటినీ బల్ల మీద పరిచాం. ఈ పని చూడ్డానికి విసుగ్గా ఉంటుంది. నా దృష్టిలో మాత్రం మొత్తం పనిలో అతి విలువైనది ఇదే.

మొదట చూసేది ప్యాడ్. క్యాసెట్ ముందు అంచులో మధ్యన, సన్నటి లోహపు స్ప్రింగ్ మీద చిన్న దూది ముక్కలాంటిది అతికించి ఉంటుంది. ప్లే అయ్యేటప్పుడు టేపుని హెడ్‌కి, అంటే టేపు మీది శబ్దాన్ని చదివే భాగానికి, ఆనించి పట్టేది అదే. ఏళ్లు గడిచేకొద్దీ దాని జిగురు ఎండిపోతుంది. ప్యాడ్ ఊడితే శబ్దం బొంగురుగా, వచ్చీ రానట్టుగా వస్తుంది. వినేవాళ్లు టేపే పాడైందనుకుంటారు. ఫెల్ట్‌కి బదులు స్పాంజి వాడిన క్యాసెట్లలో స్పాంజి పొడైపోయి టేపుకి అంటుకుంటుంది. అలమారలోని పెట్టెలో చాలా క్యాసెట్లకి ప్యాడ్లు వదులయ్యాయి, కొన్నిటిలో డబ్బా అడుగున పడి ఉన్నాయి.

తర్వాత కిటికీలోంచి చుట్ట. పక్క నుంచి చూస్తే నున్నగా, సమతలంగా ఉండాలి. కొన్ని వరసలు పైకి లేచి ఉంటే ఎవరో వేగంగా రివైండ్ చేసి అలాగే వదిలేశారని అర్థం. ఆ లేచిన అంచులే తర్వాత నలుగుతాయి. చుట్ట మీద తెల్లటి, బూడిదరంగు నూగు కనిపిస్తే బూజు. అలాంటివన్నీ ఆ క్షణంలోనే వేరే పెట్టెలోకి వెళ్లాలి. మెట్ల కింది పెట్టెలో సగానికి పైగా ఇవే.

తర్వాత చక్రాల్లో పెన్సిల్ పెట్టి కొద్దిగా తిప్పి చూస్తాం. ఆరు పలకల పెన్సిల్ పళ్లకి సరిగ్గా పడుతుంది. సులువుగా తిరిగితే సరే. పట్టేసినట్టున్నా, కీచుమన్నా షెల్ విప్పాల్సిందే. ఒకవైపు తిప్పుతుంటే అవతలి చక్రం కదలకపోతే లోపల టేపు తెగిందనో, లీడర్ (టేపు కొసన ఉండే, రికార్డు కాని ముక్క) చక్రం నుంచి ఊడిందనో తెలుస్తుంది. దాన్ని డెక్‌లో పెడితే మిగిలిన కొస కూడా లోపలికి వెళ్లిపోతుంది.

షెల్ ఐదు స్క్రూలదా, అతికించేసినదా అన్నది కూడా రాసుకున్నాం. నిడివి కూడా. సీ60లో (రెండు వైపులా కలిపి 60 నిమిషాలది) టేపు మందం దాదాపు 16 నుంచి 18 మైక్రాన్లు, సీ90లో 12 దాకా, సీ120లో 9 మాత్రమే. ఒక్కో వైపు గంట పాటు రికార్డు చేసుకోవచ్చు కదా అని టీచర్ గారు కొన్ని సీ120లు వాడారు. ఇబ్బంది పెట్టినవన్నీ దాదాపు అవే.

వెనక అంచున గాడులు చూస్తే టేపు రకం తెలుస్తుంది. రికార్డింగ్‌ని కాపాడే ట్యాబ్ (చిన్న ప్లాస్టిక్ పలక) పక్కనే మరో గాడి ఉంటే టైప్ 2, అంటే క్రోమ్ తరహా టేపు. మధ్యలో ఇంకో జత గాడులు కూడా ఉంటే టైప్ 4, మెటల్. ఏవీ లేకపోతే మామూలు ఫెర్రిక్, టైప్ 1. తొలినాటి క్రోమ్ క్యాసెట్లలో కొన్నిటికి గాడి ఉండదు, వాటికి లేబుల్ చదవాల్సిందే. ఇక్కడ ఎక్కువ భాగం టైప్ 1, స్టీరియో డెక్ కాలం నాటివి మాత్రం టైప్ 2.

చివరిగా ట్యాబ్‌లు. క్యాసెట్‌ని ఎ వైపు మనకి కనిపించేలా, టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుంటే పైన ఎడమవైపు ఉన్నది ఎ వైపు ట్యాబ్. దాన్ని విరిచేస్తే ఆ వైపు ఇక రికార్డు కాదు. ఈ సేకరణలో విరిచిన ట్యాబ్‌లు చాలా తక్కువ. మేం చేసిన మొదటి "మరమ్మతు" అన్ని క్యాసెట్లకీ రెండు ట్యాబ్‌లూ విరవడమే.

షెల్ మార్పిడి

శబ్దం ఉండేది టేపులో. షెల్ దానికి ఇల్లు మాత్రమే, ఇల్లు మార్చొచ్చు. ఈ సంగతి తెలియక ఎన్నో మంచి రికార్డింగులు చెత్తబుట్టలో పడ్డాయి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూపిస్తాను. అలమార పెట్టెలో "మొదటి పాఠాలు" అని రాసిన సీ60 ఒకటుంది. అతికించిన షెల్, ఊడిన ప్యాడ్, లోపల ఒక మూల రోలర్ పట్టేసింది. ముందుగా అదే నిడివి ఉన్న స్క్రూల క్యాసెట్ ఒకటి తీసుకుని విప్పాం. లోపల ఏది ఎక్కడుందో ఫోన్‌తో ఫొటో తీయడం తప్పనిసరి. ముందు రెండు మూలల్లో రోలర్లు, వాటి మధ్యలో నిలబడే సన్నటి లోహపు పిన్నులు, ప్యాడ్ స్ప్రింగ్, దాని వెనక చిన్న లోహపు రేకు, చుట్టలకి పైనా కిందా జారుడు కాగితాలు: ఇన్ని భాగాలుంటాయి. పిన్ను ఒక్కటి దొర్లిపోయినా పని ఆగిపోతుంది, కాబట్టి అంచులున్న పళ్లెంలో పెట్టి విప్పాలి.

పాత షెల్‌ని వెనక అంచు నుంచి తెరిచాం. టేపు పరుగెత్తేది ముందు అంచు వెంట కాబట్టి బ్లేడు అటువైపు పోకూడదు. అతుకులో బ్లేడు కొసని మాత్రం పెట్టి కొద్దికొద్దిగా తిప్పుతుంటే చిన్న టక్‌మనే చప్పుడుతో విడిపోతుంది. ఆత్రపడి లోతుగా దూర్చితే మొదటికే మోసం వస్తుంది. పై మూత తీశాక రెండు చుట్టల్నీ కింది జారుడు కాగితంతో సహా ఎత్తాం. విడిగా ఎత్తితే చుట్ట నడుమ జారిపోయి టేపు గుట్టగా పడుతుంది, దాన్ని మళ్లీ చుట్టడానికి పూటంతా పడుతుంది. కొత్త షెల్‌లో అదే వైపు పైకి ఉండేలా దించి, టేపుని ఒక రోలర్ చుట్టూ, ప్యాడ్ ముందు నుంచి, రెండో రోలర్ చుట్టూ తిప్పాం. హెడ్‌ని తాకే ముఖం బయటివైపు ఉండాలి. పై మూత పెట్టి, స్క్రూలు మూలకి మూల ఎదురుగా కొంచెం కొంచెం బిగించాం. గట్టిగా బిగిస్తే షెల్ వంగి చక్రాలు పట్టేస్తాయి. ఆఖర్న పెన్సిల్‌తో రెండు వైపులా తిప్పి చూశాం. హాయిగా తిరిగింది.

తెగిన టేపుల్ని అతికించడానికి క్యాసెట్ వెడల్పులోనే వచ్చే స్ప్లైసింగ్ టేపు వాడాం. ఇంట్లో వాడే సెల్లోటేపు వాడకూడదు. దాని జిగురు కాలం గడిచేకొద్దీ అంచుల నుంచి బయటికి కారి పక్క పొరల్ని అతికిస్తుంది, హెడ్ మీద పేరుకుంటుంది. అతుకు ఎప్పుడూ లోపలి ముఖం మీదే వేయాలి.

బూజు పట్టినవి

గాలిలో తేమ 65 శాతం దాటి చాలాకాలం ఉంటే టేపు మీద బూజు పెరగడానికి అనువైన వాతావరణం ఏర్పడుతుంది. మెట్ల కింద జరిగింది అదే. బూజు టేపుని డెక్‌లో పెడితే మూడు నష్టాలు. పొరలు అతుక్కుని ఉంటే అయస్కాంత పూత లేచిపోతుంది. బూజు పొడి హెడ్‌కి, రోలర్‌కి అంటి తర్వాత పెట్టే మంచి టేపులకి చేరుతుంది. ఆ పొడి మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూడోదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయకూడదు.

ముందు ఆ క్యాసెట్లని తేమ తక్కువగా ఉన్న గదిలో, డబ్బాల్లోంచి తీసి, ఆరనిచ్చాం. తడిగా ఉన్న బూజు జిగటగా ఉండి తుడిస్తే పులుముకుంటుంది. ఆరితే పొడిలా రాలుతుంది. తర్వాత షెల్ విప్పి, సన్న వడపోత ఉన్న వాక్యూమ్‌ని దగ్గర పెట్టుకుని, మెత్తటి కుంచెతో చుట్టల అంచులు శుభ్రం చేశాం. పాత షెల్‌నీ, జారుడు కాగితాల్నీ పారేసి కొత్త షెల్‌లోకి మార్చాం. చేత్తో మెల్లగా తిప్పుతూ పొరలు అతుక్కోకుండా వస్తున్నాయో లేదో చూస్తూ ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మొత్తం టేపు చుట్టాం. ఓపిక కావాల్సింది ఇక్కడే. వీటన్నిటినీ ప్లే చేయడానికి విడిగా ఒక డెక్ కేటాయించాం. మంచి టేపులు ఆ డెక్ మొహం చూడలేదు.

డెక్, హెడ్, అజిమత్

టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లు. అందులోనే రెండు వైపులా, ఒక్కో వైపు స్టీరియోకి రెండు ట్రాక్‌లు. అంటే ఒక్కో ట్రాక్ మిల్లీమీటరులో దాదాపు 0.6 వంతు. అంత సన్నటి దారిలో చిన్న మురికి కూడా పెద్ద అడ్డమే. ఫిలిప్స్ 1963లో క్యాసెట్‌ని బయటికి తెచ్చినప్పుడు దాన్ని ముఖ్యంగా మాటలు రికార్డు చేయడానికే అనుకున్నారు. సంగీతానికి సరిపోయే స్థాయికి తేవడానికి టేపు పూతలూ, టేపు రొదని తగ్గించే డాల్బీ లాంటి పద్ధతులూ తర్వాత వచ్చాయి. అందుకే డెక్ ఏమాత్రం సరిగ్గా లేకపోయినా క్యాసెట్ శబ్దం వెంటనే దిగజారుతుంది.

ప్రతి కొన్ని క్యాసెట్లకీ హెడ్‌ని, కడ్డీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూది పుల్లతో తుడిచాం. రబ్బరు రోలర్‌కి నేను ఆల్కహాల్ వాడను, రబ్బరు ఎండి గట్టిపడుతుంది. కొద్దిగా సబ్బు కలిపిన నీటితో తుడిచి, పూర్తిగా ఆరనిస్తాను. రోలర్ నల్లగా మెరుస్తుంటే అది టేపుని నమలడానికి సిద్ధంగా ఉన్నట్టే.

అజిమత్ అంటే హెడ్‌లోని సన్నటి చీలిక టేపు దారికి సరిగ్గా లంబంగా ఉండటం. రికార్డు చేసిన మెషిన్ హెడ్ ఏ కాస్తో వంగి ఉంటే, సరిగ్గా ఉన్న డెక్‌లో ప్లే చేసినా 'స', 'శ' లాంటి పదునైన శబ్దాలు మూసుకుపోతాయి. దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు ఉందని అంటుంటారు, చాలాసార్లు దానికి కారణం ఇదే. హెడ్ పక్కనున్న చిన్న స్క్రూని రికార్డింగ్‌కి తగ్గట్టు తిప్పాలి. రెండు ఛానెళ్లనీ కలిపి వింటూ, పదును ఎక్కడ ఎక్కువగా వస్తుందో అక్కడ ఆపాలి. ఇది ఒక్కో క్యాసెట్‌కే కాదు, ఒక్కో వైపుకీ మారుతుంది. డిజిటైజేషన్ చేసేవాళ్లలో ఎంతోమంది ఈ పని వదిలేస్తారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌తో ట్రెబుల్ పెంచుతారు. టేపులోంచి రానిది సాఫ్ట్‌వేర్ తేలేదు, హిస్ (టేపు రొద) మాత్రం పెరుగుతుంది. ఈ విషయంలో నేను అస్సలు రాజీపడను.

మోనో రికార్డింగులతో ఒక సౌకర్యం ఉంది. మోనో హెడ్ రాసిన వెడల్పాటి ట్రాక్‌ని స్టీరియో హెడ్ రెండు ముక్కలుగా చదువుతుంది. ఒకటి టేపు అంచువైపు, రెండోది లోపలివైపు. రెండిట్లోనూ అదే పాట. పోర్టబుల్ ప్లేయర్‌లో నలిగిన క్యాసెట్‌లో అంచు దెబ్బతింది కాబట్టి ఆ భాగంలో అంచు ఛానెల్ మాయమై మళ్లీ వస్తోంది. లోపలి ఛానెల్ మాత్రం కాస్త వణుకుతో నిలిచింది. ఆ కొద్దిసేపూ దాన్నే తీసుకున్నాం.

టైప్ 2 టేపులకి ప్లేబ్యాక్ ఈక్వలైజేషన్ (శబ్దపు పదును సర్దుబాటు) 70 మైక్రోసెకన్లు, టైప్ 1కి 120. మీట తప్పుగా ఉంటే శబ్దం మరీ పదునుగానో మరీ మందంగానో వస్తుంది. స్టీరియో డెక్ కాలం నాటి క్యాసెట్ల మీద టీచర్ గారు "డాల్బీ బి" అని చేత్తో రాసుకున్నారు. ఆ రెండు మాటలు మాకు ఎంతో పని తగ్గించాయి. డాల్బీతో రికార్డైనది డాల్బీ లేకుండా ప్లే చేస్తే హిస్ ఎక్కువై పదునుగా, డాల్బీ లేనిదాన్ని డాల్బీ పెట్టి ప్లే చేస్తే మందంగా వస్తుంది. ఇప్పుడు కొత్తగా అమ్మే ప్లేయర్లలో చాలావాటికి డాల్బీయే లేదు. పాత మంచి డెక్‌ని సర్వీసు చేయించుకోవడం మేలని నేను చెప్పేది అందుకే.

ట్యూనింగ్ ఫోర్క్ చేసిన మేలు

బ్యాటరీ నీరసించేకొద్దీ రికార్డర్ నెమ్మదిస్తుంది. నెమ్మదిగా రికార్డైనది సరైన వేగంతో ప్లే చేస్తే శ్రుతి పైకి పోతుంది. పాఠం మొదట్లో బాగానే ఉండి, చివరికొచ్చేసరికి టీచర్ గారి గొంతు చిన్నపిల్ల గొంతులా మారడం చాలా క్యాసెట్లలో వినిపించింది. సంగీత పాఠానికి ఇది చిన్న లోపం కాదు, విని సాధన చేసేవాళ్లు తప్పు స్వరస్థానం నేర్చుకుంటారు.

ఆమె ఫోర్క్ 440 హెర్ట్జ్‌ది. రికార్డింగ్‌లో అది 453 దగ్గర కనిపిస్తే వేగం దాదాపు 3 శాతం తేడా, అంటే అర స్వరంలో సగం. పాఠం మధ్యలో ఆమె మళ్లీ మళ్లీ ఫోర్క్ మోగించారు కాబట్టి, ఒక్కో చోట ఎంత తేడా ఉందో కొలిచి, మధ్య భాగాన్ని క్రమంగా సరిచేయగలిగాం. సవరించనిది మాత్రం విడిగా దాచాం. ముందు తీసిన ఫైలు 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ డబ్ల్యూఏవీ. దాని మీద ఏ మార్పూ చేయకుండా ఉంచి, సవరణలన్నీ కాపీ మీదే చేశాం.

దక్కినవి, దక్కనివి

అలమార పెట్టెలోవి దాదాపు అన్నీ దక్కాయి. బూజు పెట్టెలోనూ ఎక్కువ భాగం వచ్చాయి. కొన్నిటిలో పూత లేచిన చోట మాట మింగేసినట్టు ఖాళీలున్నాయి. సీ120ల్లో ఒకదానిలో కొంత భాగం సాగిపోయింది, ఆ వణుకు ఉండిపోయింది. అదే సీ120ల్లో ఆమె పాట ఎత్తుకునే ముందు వచ్చే నిశ్శబ్దంలో అదే పాట లీలగా ముందే వినిపిస్తుంది. పలచటి టేపులో ఒక పొర మీది అయస్కాంత ముద్ర పక్క పొర మీద పడటం వల్ల ఇలా జరుగుతుంది. ప్లే చేసే ముందు కొన్నిసార్లు మెల్లగా ముందుకీ వెనక్కీ చుట్టడం వల్ల అది కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

పూర్తిగా పోయింది ఒకటుంది. ఒక పాఠం సగం మీద ఎవరో రేడియో కార్యక్రమం రికార్డు చేశారు. నలిగిన టేపు, తెగిన టేపు, బూజు పట్టిన టేపు దేన్నైనా ఎంతో కొంత రాబట్టొచ్చు. పైన ఇంకోటి రాసేసిన దాన్ని తిరిగి తేవడానికి నా దగ్గర దారి లేదు. ఆ ట్యాబ్ విరిచి ఉంటే అలా జరిగేది కాదు.

తిరిగి దాచడానికి చెప్పినవి

కంప్యూటర్‌లోకి ఎక్కాక క్యాసెట్లు ఎందుకు అని కుటుంబం అడిగింది. ఉంచమనే చెప్పాను. అసలు అదే, రేపు ఇంకా మంచి డెక్‌తో ఇంకా బాగా తీయొచ్చు. కానీ ప్లే చేసే మెషిన్లూ, వాటి విడిభాగాలూ, బాగుచేయగలిగినవాళ్లూ తగ్గిపోతున్నారు. యునెస్కో, అంతర్జాతీయ శబ్ద, దృశ్య ఆర్కైవ్‌ల సంఘం కలిసి 2019లో అయస్కాంత టేపుల గురించి హెచ్చరిక జారీ చేసింది ఈ కారణంతోనే. కాబట్టి క్యాసెట్ ఉంది కదా అని డిజిటల్ కాపీని వాయిదా వేయకూడదు, కాపీ ఉంది కదా అని క్యాసెట్‌ని పారేయకూడదు.

ఉంచాల్సిన చోటు: ఇంట్లో మనం హాయిగా ఉండగలిగే గది. 18 నుంచి 20 డిగ్రీలు, తేమ 30 నుంచి 40 శాతం ఉంటే చాలా మంచిది. అది కుదరకపోయినా వేడీ తేమా రోజూ ఎక్కువ తక్కువ కాకుండా ఉండటం ముఖ్యం. అటక, మెట్ల కింద, బయటి గోడ, నేల, ఎండలో నిలిపిన కారు పనికిరావు. అట్టపెట్టె బదులు మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, పుస్తకాల్లా నిలబెట్టి, లోపల సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటర్ పెట్టమన్నాం. తేమగా ఉన్న క్యాసెట్‌ని గాలి చొరని పెట్టెలో మూస్తే బూజుకి ఇల్లు కట్టినట్టే, అందుకే ముందు ఆరాలి.

ప్రతి క్యాసెట్ దాని డబ్బాలోనే ఉండాలి. డబ్బాలోని రెండు బుడిపెలు చక్రాలు తిరగకుండా పట్టి ఉంచుతాయి, టేపు వదులు కాదు. ఒక వైపు చివరిదాకా మామూలు వేగంతో ప్లే అయ్యాకే దాచాలి. వేగంగా రివైండ్ చేసి పెట్టకూడదు, మధ్యలో ఆపి పెట్టకూడదు. మధ్యలో ఆపితే ముందు అంచున బయటికి కనిపించేది పాట ఉన్న టేపు, దుమ్మూ వేలి జిడ్డూ దాని మీదే పడతాయి. చివరిదాకా వెళ్తే అక్కడ ఉండేది లీడరే. చల్లటి గది నుంచి తెచ్చిన క్యాసెట్‌ని ప్లే చేసే ముందు ఒక రోజు మామూలు గదిలో ఉంచాలి, లేదంటే లోపల తేమ చేరుతుంది.

అయస్కాంతాల సంగతి: స్పీకర్ మీద పెట్టొద్దు, అంతే. కొద్ది దూరంలోనే వాటి శక్తి బాగా తగ్గిపోతుంది. విమానాశ్రయం ఎక్స్‌రే గురించి టెన్షన్ అక్కర్లేదు, దానివల్ల టేపు చెరగదు. ఊడిపోతున్న లేబుల్ మీద ఇంకో లేబుల్ అతికించడం మాత్రం మానాలి. మందం పెరిగి క్యాసెట్ ప్లేయర్‌లో ఇరుక్కుంటుంది.

కొత్తగా రికార్డు చేయాలనుకునే శిష్యులకి

టీచర్ గారి శిష్యుల్లో ఒకరిద్దరు ఇప్పటికీ సాధన క్యాసెట్ మీదే రికార్డు చేసుకుంటారు. ఏ టేపు కొనాలని అడిగారు. నేను చెప్పింది సీ60, మహా అయితే సీ90. సీ120 వద్దే వద్దు. గాత్రానికి మంచి టైప్ 1 సరిపోతుంది. ఇప్పుడు కొత్తగా తయారయ్యేవీ దాదాపు అవే. టైప్ 2 బాగుంటుంది, కానీ డెక్‌లో దానికి తగిన సెట్టింగ్ ఉండాలి. మెటల్ టేపుని సరిగ్గా రికార్డు చేయడానికీ, చెరపడానికీ దానికోసం తయారైన డెక్ కావాలి, సాధనకి దాని అవసరం లేదు. సీలు తీయని పాత స్టాకు దొరికితే తీసుకోవచ్చు, సీలు తీసిన వెంటనే ప్యాడ్ గట్టిగా ఉందో లేదో చూడాలి. ఐదు స్క్రూల షెల్, స్ప్రింగ్ మీద ఫెల్ట్ ప్యాడ్, లోహపు పిన్నుల మీద తిరిగే రోలర్లు ఉన్నది ఎంచుకుంటే ఎప్పుడైనా విప్పి బాగుచేయొచ్చు.

కొత్త క్యాసెట్‌ని రికార్డింగ్ ముందు ఒకసారి చివరిదాకా పంపి వెనక్కి చుడితే చుట్ట బిగువు సమానమవుతుంది. మొదటి కొన్ని సెకన్లు లీడర్ కాబట్టి అది దాటాకే పాట మొదలుపెట్టాలి, లేదంటే పల్లవి మొదటి మాట పోతుంది. తేదీ, టేపు రకం, డాల్బీ ఉందో లేదో డబ్బాలోని కాగితం మీద రాయాలి. మొదట్లో ఫోర్క్‌నో, శ్రుతి పరికరాన్నో కొద్ది సెకన్లు మోగించాలి. పాఠం అయిపోగానే ట్యాబ్ విరిచేయాలి. ఆ క్యాసెట్ మళ్లీ వాడుకోవాలనిపిస్తే ఆ రంధ్రం మీద చిన్న టేపు ముక్క అతికిస్తే చాలు. టైప్ 2 అయితే పక్కనున్న గాడి మూసుకుపోకుండా చూసుకోవాలి. అది మూసుకుంటే, రకాన్ని దానంతటదే పసిగట్టే డెక్ ఆ క్యాసెట్‌ని టైప్ 1 అనుకుంటుంది.